మంచుగిన్నెలో గింజ

ఆ రోజు పొద్దున ఆకాశం చల్లారిన బట్టీలో బూడిదలాగా ఉంది. మబ్బు పట్టింది గాని అది వాన మబ్బు కాదు. ఎవరో పైనుంచి తడిగుడ్డ కప్పి నేల వేడిని నేల మీదే అదిమిపెట్టినట్టు ఉంది. ఆకు కదలడం లేదు. ఇట్లాంటి ఆకాశం చూస్తే మా ఇంట్లో అందరికన్నా ముందు దిగులుపడేది షేక్షావలి. వరండాలో మంచం మీద లేచి కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, మెడ వెనక్కి వంచి పైకి చూసి, ఫోన్ తీసి ప్రయోగశాలకు చెప్పాడు. ఎండ లేదు మేడం, ఉక్కగా ఉంది. అక్క లేచింది. మొహం కడుక్కుంది. బాగానే ఉంది.

అక్క అంటే నా భార్య సుంకులమ్మ. ఆమె బాగుందా లేదా అన్నది మా ఊరి సంగతిగా ఉండటం ఎప్పుడో మానేసింది. దేశంలో ఎన్నో ఆసుపత్రులకూ, మందులు నిల్వచేసేచోట్లకూ, పరీక్షలు చేసే గదులకూ అది పొద్దునే అందవలసిన కబురు. మొగుణ్ణి నేను పక్కనే ఉన్నా నన్ను అడిగేవాళ్లు లేరు.

ఆ రోజు జీపు రావాలి. ఆమెను నగరం అంచున ఉన్న ప్రయోగశాలకు తీసుకుపోయి చల్లటి గదిలో ఉంచుతారట. అద్దాల గది. లోపల ఆమె, బయట వాళ్లు. ఎంతకాలమంటే, పాత సెన్సర్లు అన్నిచోట్లా తిరిగి బిగించేదాకా. అదెంతకాలమంటే ఎవరూ సరిగా చెప్పరు. సుంకులమ్మ పెట్టె సర్దుకుంటోంది. చీర మడత పెడుతోంది, విప్పుతోంది, మళ్లీ పెడుతోంది. నేను గడపలో నిలబడి చూస్తున్నాను. ఏమైనా అందామని ఉంది. అంటే ఆమెకు వేడి పుడుతుందేమోనని ఊరుకున్నాను.

ఇది ఎక్కడ మొదలైందో చెప్పాలి.

మాది బొరుగుల బట్టీ. డోన్ నుంచి పత్తికొండ పోయే దారిలో, ఊరి బయట రేకుల కొట్టం. మా అన్నా నేనూ కలిసి నడుపుతాం. అన్న మూటలేసుకుని సంతలు తిరుగుతాడు. నేను పొయ్యి నోట్లోకి వేరుశెనగ పొట్టు తోస్తాను. పెద్ద బాణలిలో ఇసక కాలుతుంటుంది. అందులో బియ్యం పోస్తే గుప్పున పొంగి బొరుగులవుతాయి. వేయించేది మా వదిన ఉలిగమ్మ. ఆ బొరుగుల్ని ఇసకతో సహా ఎత్తి జల్లెడలో పోసి, ఇసకను జారవిడిచేది సుంకులమ్మ. ఇద్దరూ కాపురానికి వచ్చినప్పటి నుంచీ అదే పని. కాపురానికి వచ్చినప్పటి నుంచీ కొట్లాట కూడా. మాడ్చినావని ఈమె, జల్లించడం చేతకాదని ఆమె. నీ చేతులిరగ అంటే నీ నోరు పడ అనుకుంటూనే పొద్దుగూకేదాకా పని చేసి, ఒకే చెంబులో నీళ్లు తాగి ఇంటికి వచ్చేవాళ్లు. ఆ గొడవ వినబడకపోతే బట్టీలో ఏదో ఆగిపోయిందని దారిన పోయేవాళ్లు తొంగి చూసేవాళ్లు.

ఒకనాడు వాగ్దేవి మేడం వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఎప్పుడూ సరిగా నిద్రపోని కళ్లు. థర్మామీటర్ల మీద పనిచేసే సైంటిస్టునని చెప్పింది. వేడికి అలవాటుపడిన చేతుల మీది చర్మం కొంచెం గీకి ఇవ్వమని అడిగింది. కమ్మరి కొలుముల దగ్గరా, రొట్టెల పొయ్యిల దగ్గరా ఇట్లాగే తీసుకుని వస్తున్నామంది. ఉలిగమ్మా ఇచ్చింది, సుంకులమ్మా ఇచ్చింది. గట్టి చెయ్యి ఉలిగమ్మదే. కానీ వాళ్ల సీసాల్లో ఉలిగమ్మ చర్మం చచ్చిపోయింది, సుంకులమ్మది బతికింది. ఎందుకని అడిగితే మేడం తెలియదంది. తెలియదన్న మాట ఆమె నోట వినడం అది మొదటిసారి. తర్వాత చాలాసార్లు విన్నాం.

ఆ బతికిన చర్మాన్ని పెంచి, నువ్వుగింజంత ఉండలు చేసి, గాజుకొనల్లో బిగించారు. ప్రయోగశాలల్లో వాడే థర్మామీటర్ల కొసన వేడిని కనిపెట్టేది ఏదో ఒకటి ఉండాలి కదా. ఒకప్పుడు పాదరసం. తర్వాత ప్లాటినం తీగ. ఎంత మంచి తీగైనా వాడగా వాడగా కొంచెం తప్పు చూపిస్తుందట, మళ్లీ సరిచేసుకోవాలట. ఈ గింజ తప్పు చూపించదు. డిగ్రీలో వెయ్యోవంతు తేడాను కూడా పట్టుకుంటుంది. ముందు ప్రయోగశాలలు కొనుక్కున్నాయి. తర్వాత మందుల నిల్వగదుల్లో పెట్టారు. ఆ తర్వాత నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్ని పడుకోబెట్టే అద్దాల పెట్టెల్లో పెట్టారు. సుంకులమ్మకు ఒక శాలువా కప్పారు. ఆ శాలువాలో ఆమె కొంతకాలం మిరపకాయలు ఆరబోసింది.

అప్పుడు ఒకసారి ఆమెకు జ్వరం వచ్చింది. ఎవరికీ చెప్పలేదు, బట్టీకి వచ్చి జల్లెడ పట్టింది. బియ్యం నానబెట్టి ఉన్నాయి, మానేస్తే పాడవుతాయని ఆమె లెక్క. ఆ రోజు దేశంలో ఉన్న గింజలన్నీ ఒక్కసారిగా వేడి ఎక్కువ చూపించాయట.

వాగ్దేవి మేడం మమ్మల్ని ప్రయోగశాలకు పిలిపించింది. తెల్లటి గది. బల్ల మీద ఒక గిన్నెలో నీళ్లూ మంచుగడ్డలూ కలిపి పెట్టారు. మంచూ నీళ్లూ కలిసి ఉన్నంతసేపూ దాని వేడి సున్నా, అది ఎవరి మాటా వినదు అని మేడం చెప్పింది. గిన్నెలో ముంచిన గింజ సున్నా చూపిస్తోంది. తర్వాత సుంకులమ్మను పక్కగదిలో కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్లు బకెట్లో పెట్టించి, మేడం తానే వంగి కెటిల్లోంచి వేడినీళ్లు పోసింది. సుంకులమ్మ నవ్వుతూ కూర్చుంది. నేను గుమ్మంలో నిలబడి రెండు గదులూ చూస్తున్నాను. మంచుగిన్నెలో మంచు మంచుగానే ఉంది. అంకె మాత్రం లేస్తోంది. అక్కడున్నవాళ్లలో ఒకాయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

ఇంటికి వచ్చాక సుంకులమ్మ పాదాలు బొబ్బలెక్కి కనబడ్డాయి. ఏమైందంటే కొత్త చెప్పులు కరిచాయంది.

ఆమె చేతికి ఒక పట్టీ కట్టి, ఆమె ఒంటి వేడిని బట్టి గింజల తప్పును సరిదిద్దుదామని చూశారు. లెక్క కుదరలేదు. ఒంటి వేడి పెరిగిన రోజున గింజలు కదలకపోవచ్చు, పెరగని రోజున ఎగరవచ్చు. చివరికి అన్నిచోట్లా ప్లాటినం తీగలే తిరిగి పెడతామని, అంతదాకా ఆమెను ఒకే తీరుగా ఉంచాలని తేల్చారు. అట్లా షేక్షావలి మా వరండాలోకి వచ్చాడు. ఆయన ప్రయోగశాలలో టెక్నీషియన్, మా జిల్లావాడే, పెళ్లాం బిడ్డలు ఆదోనిలో ఉన్నారు. మంచివాడు. మంచివాడు కాబట్టి ఇంకా విసుగు. తిట్టడానికి కూడా వీలుండదు.

బట్టీకి పోకూడదన్నారు. ఎండలోకి పోకూడదు. కారం తగ్గించాలి. పరుగెత్తకూడదు, బరువు ఎత్తకూడదు, కోపం రాకూడదు. ఆదివారం తలకు ఆముదం పెట్టుకోవచ్చా అని అడిగితే, ప్రయోగశాలలో కూర్చుని మాట్లాడుకుని రెండు రోజుల తర్వాత పెట్టుకోవచ్చని కబురు పెట్టారు. అప్పటికి ఆదివారం అయిపోయింది. మా చాపలు కూడా వేరయ్యాయి. ఒకనాడు పొద్దున షేక్షావలి తల వంచుకుని, రాత్రి ఫలానా సమయంలో పట్టీలో వేడి ఎందుకు పెరిగిందో మేడం వాళ్లు అడుగుతున్నారని నన్ను అడిగాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆ సంగతి ఇంతకన్నా రాయను.

వచ్చిన కొత్తలో షేక్షావలి ఒకసారి చీకటి వంటింట్లో కాలు తగిలించి, పెరుగుకు తోడేసిన కుండ పగలగొట్టాడు. ఆ కుండ సుంకులమ్మ పుట్టింటిది. పగలగొట్టింది నేనైతే ఆమె నోటికి చెవులు మూసుకునేవాణ్ణి. పరాయివాడు, మన ఇంట్లో ఉన్నవాడు అని ఆమె నవ్వి, పర్వాలేదు తమ్ముడూ అని పెంకులు ఎత్తింది. కాసేపటికి ఫోన్ మోగింది. ఎక్కడో ఒక ఆసుపత్రిలో పెట్టె లోపలి గింజ, వేడి ఎక్కువైందని చెప్పింది. పెట్టె తనంతట తాను వేడి తగ్గించుకుంది. బిడ్డ చల్లబడుతుంటే, నర్సు చెయ్యి పెట్టి చూసింది కాబట్టి బతికింది. చూడకపోతే ఏమయ్యేదో మేడం చెప్పలేదు. చెప్పనవసరం లేదు.

ఆ రోజు సుంకులమ్మ గోడకు ఆనుకుని చాలాసేపు కూర్చుంది. ఆ తర్వాత ఆమె గొంతు పైకి లేవడం నేను వినలేదు.

ఊరికి సంగతి తెలిసింది. బిడ్డల ప్రాణాలు కదా, ఊరు కూడా మెత్తబడింది. మా ఇంటిముందు చెత్త పోసే పక్కింటావిడ మా వాకిలి కూడా ఊడ్చడం మొదలుపెట్టింది. అప్పుల దగ్గర, చేబదుళ్ల దగ్గర దబాయించేవాళ్లు వచ్చి వచ్చి పలకరించి పోయేవాళ్లు. ఉలిగమ్మ ఏమ్మే అనడం మానేసి తల్లీ అని పిలిచేది. నేను సుంకీ అని కేకేసేవాణ్ణి, సుంకులమ్మా అని నిండుపేరు పెట్టి పిలవడం నేర్చుకున్నాను. బట్టీలో ఉలిగమ్మ ఒక్కతే వేయించి ఒక్కతే జల్లించుకునేది. ఆమె జల్లెడ తెగిపోతే, ఊరికే ఇంటి గోడకు వేలాడుతోంది కదా అని సుంకులమ్మ జల్లెడ తీసి ఇచ్చాను. సుంకులమ్మ చూసింది. ఏమీ అనలేదు. అప్పుడు కూడా ఫోన్ మోగింది.

బొరుగుల్లో ఇసక రావడం మొదలైంది. సంతల్లో మా అన్న మాటలు పడుతున్నాడు. ఇంట్లో మేం ఆ బొరుగులే తింటున్నాం, కరకరమంటుంటే ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా తింటున్నాం. ఉలిగమ్మతో ఎవరూ అనలేదు. అంటే ఆమె వచ్చి సుంకులమ్మతో అంటుంది, సుంకులమ్మకు వేడి పుడుతుంది.

ఇంత చేసినా గింజలు నిలవలేదు. పైపైకి పోతున్నాయి. జ్వరం లేదు, ఎండ లేదు, కారం లేదు, కోపం లేదు. షేక్షావలి పాతకాలపు పాదరసం థర్మామీటరు ఆమె చంకలో పెట్టి చూస్తాడు, ఉండవలసిన చోటే ఉంటుంది. ప్రయోగశాలలో మంచుగిన్నెలో గింజ మాత్రం రోజురోజుకూ సున్నాకు దూరమవుతోంది. ఆసుపత్రుల్లో నర్సులు పెట్టెలను నమ్మడం మానేసి చేతులు పెట్టి చూసుకుంటున్నారట. అందరికీ అన్ని చేతులు ఎక్కడివి?

అందుకే జీపు.

జీపు వచ్చేసరికి మబ్బు అట్లాగే ఉంది. వాగ్దేవి మేడం దిగింది. చేతిలో ఉన్న అన్నం డబ్బా సీటు మీదే వదిలేసింది. నిన్నటిదో మొన్నటిదో. షేక్షావలిని చూస్తూనే, ఇంత దగ్గర కూర్చుని ఏం కనిపెడుతున్నారు అని అడిగింది. ఆయన తల దించుకున్నాడు. మేడం నా వైపు తిరిగి, మీరు ఒప్పుకున్నారు కదా అంది. నన్ను ఒప్పుకోమని అడిగినట్టు గుర్తులేదు. తల ఊపాను. సుంకులమ్మ బయటికి వచ్చి, కూచోండి మేడం అని పీట వేసింది. చేతిలో పెట్టె ఉంది. మొహం మీద ఆ నవ్వు ఉంది. ఆ నవ్వు ప్రయోగశాల కుర్చీలో కూర్చున్న రోజు నుంచి నేను చూస్తున్నదే.

అప్పుడే ఉలిగమ్మ వచ్చింది, దారిలో తినడానికని గుడ్డలో కట్టిన బొరుగులు తీసుకుని. కళ్లు తుడుచుకుంటోంది. మూట విప్పి చాచింది.

"తిను తల్లీ. నీకోసమే వేయించుకొస్తి."

సుంకులమ్మ గుప్పెడు తీసి నోట్లో వేసుకుంది. నేను వాకిట్లో ఉన్నాను. అంత దూరానికి కూడా ఇసక పళ్ల కింద నలిగిన చప్పుడు వినబడింది. ఆమె నమిలింది. మింగింది.

"బాగున్నాయక్కా," అంది.

షేక్షావలి ఫోన్ మోగింది. ఆయన విని, మేడం వైపు చూసి, అంకె మళ్లీ లేచింది మేడం అన్నాడు. మేడం రెండు చేతులతో కణతలు పట్టుకుని, ఇప్పుడేమైంది, ఇప్పుడేం చేశారు అని అందరినీ చూస్తూ అడిగింది. ఎవరూ ఏమీ చేయలేదు. ఎండ లేదు. ఒక మనిషి గుప్పెడు బొరుగులు తింది. అంతే.

నేను ఎక్కువ మాట్లాడేవాణ్ణి కాదు. అది తెలివి వల్ల కాదు, అలవాటు వల్ల. ఆ ఫోన్ మీద, ఆ జీపు మీద, ఆ మబ్బు మీద, వరండాలో ఆ మంచం మీద, నా చాప మీద, అన్నిటి మీదా ఉన్న విసుగు ఒక్కసారి నోట్లోకి వచ్చింది.

"యాడ బాగున్నాయే? ఇసకలో బొరుగులేరుకోని తింటాండాం. నీ నోట్లో పండ్లున్నాయా ల్యావా?"

ఉలిగమ్మ నోరు తెరిచింది. సుంకులమ్మ పెట్టె కింద పడేసింది.

"ఇప్పుడొచ్చెనా నోరు నీకు? ఇన్నాళ్లూ యాడ తాకట్టు పెట్టింటివి? సుంకులమ్మా సుంకులమ్మా అని పెండ్లిపత్రికలో రాసినట్టు పిలుస్తాంటే నా ఒళ్లు మండిపోతాండె. నేను నీ పెండ్లాన్నా, మీ ఊరికొచ్చిన కలెక్టరమ్మనా? నా జల్లెడ తీసి ఈమె చేతిలో పెడితివి. ఒక మాట అడిగితివా?"

"జల్లెడ నేనేమన్నా తింటినా," ఉలిగమ్మ కొంగు నడుముకు చుట్టింది. ఆమె కళ్లలో తడి ఎప్పుడు ఆరిపోయిందో తెలియలేదు. "నీ జల్లెడ నిండా బొక్కలు. అందుకే ఇసక వస్తాంది."

"బొక్కలు ల్యాకుంటే దాన్ని జల్లెడంటారా? తట్టంటారు. అది ఊపే చెయ్యి ఊపాల. నువ్వు బిడ్డను ఊపినట్టు ఊపుతావు."

"నీ మాదిరి దయ్యం పట్టినట్టు ఊపల్యాన్లేమ్మే."

ఏమ్మే అన్న మాట విని చాలా కాలమైంది. పక్కింటావిడ చీపురు పట్టుకుని బయటికి వచ్చి నిలబడింది. వాగ్దేవి మేడం లేచి చెయ్యి అడ్డం పెట్టి, ఆగండి, దయచేసి ఆగండి, బిడ్డలున్నారు అంటోంది. సుంకులమ్మ ఆమె వైపు తిరిగింది.

"మీకూ చెప్పాల మేడం. ఆ పొద్దు మీరు పోసిన నీళ్లు కాలినాయి. బొబ్బలెక్కినాయి కాళ్లు. ఇంత చదువుకున్న మనిషి వంగి నా కాళ్ల మీద నీళ్లు పోస్తాంటే, కాలుతాందని ఎట్లా అనేది? మింగితి. ఈ తమ్ముడు మా అమ్మ కుండ పగలగొట్టె. మింగితి. జ్వరమొచ్చె, పని ఆగుతుందని మింగితి. ఇప్పుడు ఇసక. ఎంతకని మింగేది? నాకేమన్నా చెరువంత కడుపుందా?"

షేక్షావలి, కుండ కొని తెస్తాను అక్కా అని గొణిగాడు. కొని తెస్తే మా అమ్మ చేతిది అవుతుందా అని ఆయనకూ ఒకటి తగిలించింది. ఆమె మొహం ఎర్రబడింది, చెమట మెడ మీదుగా కారుతోంది. గాలి లేని ఆ వాకిట్లో ఆమె ఒంట్లో వేడి నాకు నిలబడ్డ చోటికి తెలుస్తోంది.

ఫోన్ మోగింది.

అందరం ఆగిపోయాం. సుంకులమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. షేక్షావలి విన్నాడు. ఫోన్ మేడం చేతికిచ్చాడు. మేడం వింటోంది. గిన్నెలో మంచు ఉందా అని అడిగింది. సరిగా చూసి చెప్పమంది. మళ్లీ అదే అడిగింది. తర్వాత వరండా అంచున అట్లాగే కూలబడింది.

"సున్నాకు వచ్చింది," అంది. "ఎప్పటినుంచో రానిది, వచ్చింది."

సంచీలోంచి పాదరసం థర్మామీటరు తీసి తానే సుంకులమ్మ చంకలో పెట్టింది. తీసి చూసింది. ఒళ్లు మామూలు కన్నా వేడిగానే ఉంది. ఒళ్లు వేడి, గింజ సున్నా. ఆమె సుంకులమ్మ పాదాల వైపు చాలాసేపు చూసింది. తాను పోసిన నీళ్లనూ, పగిలిన కుండనూ, జ్వరాన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చూసుకుంటున్నట్టు ఉంది. మీ ఒంటి వేడి కాదండీ అది, మొదటినుంచీ కాదు, మీరు లోపల పెట్టుకున్నది అని నెమ్మదిగా అంది. అదెట్లా అంటే మాత్రం మళ్లీ తెలియదంది. దీన్ని నేను పైవాళ్లకు ఏమని చెప్పుకోను అని తనలో తాను విసుక్కుంది. అంతలో సైంటిస్టు కదా, తల ఎత్తి, రోజూ పొద్దున ఒక వేళ పెట్టుకుని ఇట్లాగే పోట్లాడగలరా అని అడిగింది.

"కోపమంటే ట్యాంకరు నీళ్లా మేడం, వేళకు వచ్చేదానికి? వచ్చినప్పుడు వస్తాది. వచ్చినప్పుడు నా నోరు మూయొద్దు. నేను బట్టీకి పోతా. మీ గాజుగదికి రాను."

మేడం ఒప్పుకోలేదు. ఒక్కసారి సున్నాకు వచ్చిందని నమ్మి బిడ్డల్ని వదిలేయలేనంది. ఆ మాట న్యాయమే. సుంకులమ్మకూ న్యాయంగానే తోచింది. అయితే మీరూ రండి, మంట ముందర కూచుంటా, మీరు మీ మంచు చూసుకోండి, తప్పితే జీపెక్కుతా అంది.

పెట్టె వాకిట్లోనే ఉండిపోయింది. అందరం బట్టీకి నడిచాం. నేను పొయ్యి నోట్లోకి పొట్టు తోశాను. మంట అందుకుంది, ఇసక కాలింది. ఉలిగమ్మ బియ్యం పోసింది, సుంకులమ్మ కొట్టం గోడకు ఉలిగమ్మ తగిలించిన తన జల్లెడ తీసుకుంది. తీసుకోగానే దాని అంచు నలిగిందని ఉలిగమ్మను నాలుగు అంది. ఉలిగమ్మ ఐదు అంది. కొట్టం పొగతో, మాటలతో నిండింది. మేడం గుమ్మంలో నిలబడి ఫోన్ చెవికి ఆనించుకుని, అటువైపు మనిషి చెప్పే అంకెను ప్రతిసారీ పైకి అంటోంది. సున్నా. సున్నానే. సుంకులమ్మ రవిక తడిసిపోయింది. నిప్పు ముందర ఆమె మొహం రాగిచెంబులా ఉంది. సున్నా. ఒకసారి పొగ కళ్లలో పడి మేడం దగ్గింది. అడ్డం తప్పుకోండి మేడం, పని చేసేవాళ్లకు దారి విడవాలని తెలియదా అంది సుంకులమ్మ. మేడం తప్పుకుంది. సున్నా.

బాణలి దించేవేళకు మేడం డ్రైవరును పిలిచి, ఈ రోజు పోవడం లేదని చెప్పింది. రేపటి మాట చెప్పలేదు. ప్లాటినం తీగల పని తొందరపెట్టమని ఎవరికో ఫోన్లో గట్టిగా చెప్పింది. ఇంత గట్టిగా ఆమె మాట్లాడటం మేం అంతకుముందు వినలేదు. షేక్షావలి ఇంకొన్నాళ్లు మా వరండాలోనే ఉంటాడు. అక్క ఈ రోజు తిట్టిందా అని వాళ్లు అడుగుతారు, తిట్టింది మేడం అని ఈయన చెప్పాలి. ఆమె మనసులో ఏముందో ఊరంతా కనిపెట్టుకుని ఉండటం మాత్రం తప్పలేదు. ఎవరికో పుట్టిన బిడ్డ వెచ్చగా పడుకోవాలంటే ఇక్కడ ఈమె ఏదీ దాచుకోకూడదు. దాచుకోవడం కూడా మనిషికి కావలసిందే కదా అనిపించింది. అనలేదు.

ఉలిగమ్మ తెచ్చిన మూటలోని బొరుగులు పారేయడానికి ఎవరికీ మనసు రాలేదు. సుంకులమ్మ వాటిని నీళ్లలో నానబెట్టి పిండింది. గిన్నె అడుగున మిగిలిన ఇసకను వంచి ఉలిగమ్మకు చూపించింది. ఈసారి ఇద్దరూ ఏమీ అనుకోలేదు. ఉల్లిపాయలు, నిండుగా పచ్చిమిరపకాయలు, పుట్నాలపొడి వేసి ఉగ్గాని చేసింది. కారం వద్దని షేక్షావలి అనబోయి మానుకున్నాడు.

కొట్టంలోనే గోనెసంచులు పరుచుకుని కూర్చున్నాం. మేడం, డ్రైవరు, షేక్షావలి, ఉలిగమ్మ, మేమిద్దరం. మధ్యలో బోర్లించిన గంప, దాని మీద ఫోన్. సుంకులమ్మ అందరికీ వడ్డించి, తనది తాను పెట్టుకుని నా పక్కన కూర్చుంది. తింటున్నాం. బయట మబ్బు అట్లాగే ఉంది. కారానికి మేడం ముక్కు తుడుచుకుంది, మళ్లీ ముద్ద తీసుకుంది. ఒకచోట ఆమె పళ్ల కింద ఇసక కరకరమంది. ఆమె నమలడం ఆపింది. అందరం ఆపాం. మేడం సుంకులమ్మను చూసింది, సుంకులమ్మ ఉలిగమ్మను చూసింది, షేక్షావలి ఫోన్ను చూశాడు.

ఫోన్ మోగలేదు.

మేడం ఇసకరేణువును వేలితో తీసి పళ్లెం అంచున పెట్టింది. సుంకులమ్మ తల వంచుకుని తన ముద్ద తను తింటోంది. మేం కూడా తిన్నాం.